అప్పూ మిగులూ, నడుమ సున్న

తెలుగు పల్లెలలో వెనుకటి తరాలవారు పిల్లలకు వేసే నోటిలెక్క ఒకటి ఉన్నది. చెట్టుమీద గుంపుగా వాలిన పక్షులను చూచి, ఒంటరిగా పోతున్న పక్షి ఒకటి "మీరు నూరుమంది ఉన్నారా?" అని అడుగుతుంది. గుంపులోని పెద్దది తిన్నగా జవాబు చెప్పదు. "మేమెందరమో అందరము, మరి అందరము, మాలో సగము, ఆ సగములో సగము, వీటితో నీవు కూడా కలిస్తే నూరు" అంటుంది. గుంపులో పక్షులెన్ని అన్నది ప్రశ్న.

అక్షరం రాని అవ్వ అయినా ఈ లెక్కను చిటికెలో తేల్చగలదు. "నూటిలో నిన్ను తీసివెయ్యి, తొంబదితొమ్మిది. గుంపు నాలుగనుకో. నాలుగూ నాలుగూ ఎనిమిది, సగం రెండు, అందులో సగం ఒకటి, వెరసి పదకొండు. తొంబదితొమ్మిదిలో పదకొండ్లు తొమ్మిది. నాలుగు తొమ్ముదులు ముప్పదియారు." ఇంతే. నాలుగనుకొన్నది ఉత్త ఊహ. సగము చేసినా, సగములో సగము చేసినా భిన్నం రాకుండా ఉండడానికి ఎంచుకొన్న సంఖ్య అది.

తొందరపడిన పిల్లవాని చేతిలో ఈ లెక్క వేరుగా నడుస్తుంది. వాడు గుంపు నాలుగనుకొని, అడిగిన పక్షిని కూడా కలిపి పన్నెండని తేలుస్తాడు. పన్నెండుకు నాలుగైతే నూటికి ఎంత అని త్రైరాశికం వేస్తాడు. ముప్పదిమూడు పక్షులూ, మరొక పక్షిలో మూడవవంతూ వస్తాయి. త్రైరాశికం తప్పు కాదు, ఊహ తప్పు కాదు. తప్పంతా ఆ "నీవు" అన్న మాట దగ్గర ఉన్నది. గుంపు పెరిగితే దానిలో సగము పెరుగుతుంది, పాతిక పెరుగుతుంది. అడిగిన పక్షి మాత్రం గుంపు ఎంత పెరిగినా ఒక్కటే. పెరిగేదానినీ, పెరగనిదానినీ ఒకే త్రాసులో వేసి తూచడం వల్ల వచ్చిన చిక్కు అది. బీజగణితపు మొదటిమెట్టు మీద పిల్లలు పడే పాట్లలో పెక్కు ఈ చిక్కుకు సంతానమే.

పాఠశాలలో ఇదే లెక్క మరొక వేషంతో ఎదురవుతుంది. తెలియని సంఖ్యకు ఒక అక్షరం పెట్టి సమీకరణం వ్రాయిస్తారు. ఆ పైన ఒక సూత్రం చెబుతారు: అవతలి పక్షానికి పంపితే కూడిక తీసివేత అవుతుంది, గుణకారం భాగహారం అవుతుంది. దీనికి పక్షాంతరమని పేరు. పక్షమంటే రెక్క. సమీకరణం కూడా రెండు రెక్కల పిట్టయే. రెండు రెక్కలమీదా సమానమైన బరువున్నంతవరకే అది నిలుస్తుంది. ఇటు ఆరు తీసివేస్తే అటు కూడా ఆరు తీసివేయవలెనన్నదే పక్షాంతరంలోని సారం. సూత్రం బట్టీ పట్టిన పిల్లవానికి ఈ సారం అందదు. ఆరు అనే సంఖ్య నడచి అవతలి గట్టుకు పోయినట్లూ, దారిలో దాని గుర్తు ఏదో మాయచేత మారిపోయినట్లూ వానికి తోస్తుంది. కొన్ని తరగతులదాకా ఈ మాయతోనే బండి నడుస్తుంది. "బహుపది శూన్యాలు" అనే పాఠం వచ్చేసరికి ఆగిపోతుంది.

3 యా + 6 అనే ప్రమేయాన్ని తీసుకొందురు గాక. ఇక్కడ 'యా' అన్నది భారతీయ గణితజ్ఞులు పూర్వం వాడిన సంకేతమే. "యావత్తావత్" అనే సంస్కృతపదానికి అది తొలి అక్షరం. తెనుగులో "ఎంతో అంత" అని చెప్పవచ్చును. తెలియని దానిని తెలియదని ఒప్పుకొంటూనే దానికొక పేరు పెట్టి పనిలోకి దింపిన ఈ మాట ఎంతో సొగసైనది. తెలియనివి ఒకటికి మించి ఉంటే కాలకము, నీలకము, పీతకము అని రంగుల పేర్లు పెట్టేవారు. యా స్థానంలో ఏదో ఒక సంఖ్య ఉంచితే దానికి తగిన ఫలితమొకటి వస్తుంది. 1 ఉంచితే 9, 2 ఉంచితే 12. ఇట్లు ఉంచినదానికి ఫలితాన్ని తెచ్చియిచ్చే ఏర్పాటుకే ప్రమేయమని పేరు. యా వర్గమూ, యా ఘనమూ లేకుండా ఉత్త యా మాత్రమే ఉంటే ఆ ఫలితాలు సమానమైన మెట్లుగా పెరుగుతాయి, లేదా తరుగుతాయి. కాగితంమీద గీస్తే తిన్నని గీత వస్తుంది. అందుకే అది రేఖీయ ప్రమేయం.

ఈ ప్రమేయానికి శూన్యం కనుక్కోమంటే తరగతిలో మూడు రకాల పొరపాటు జవాబులు వినిపిస్తాయి. కొందరు 0 అంటారు. శూన్యమడిగితే సున్న చెప్పక మరేమి చెప్పాలని వారి భావం. కొందరు 6 అంటారు. వారు యా స్థానంలో సున్న ఉంచి వచ్చిన ఫలితాన్ని చెప్పినారు. కొందరు 2 అంటారు; వారికి దారి తెలిసినది గాని చివరలో గుర్తు జారిపోయినది. అడిగిన సంఖ్య −2. దానిని మూడుతో గుణిస్తే −6, ఆరు కలిపితే సున్న.

మొదటి రెండు పొరపాట్లకూ భాష కొంత కారణం. "ప్రమేయపు శూన్యం" అన్న సమాసంలో శూన్యమన్నది సున్న కాదు. ప్రమేయం సున్న అయ్యే చోటు. చెరువు ఎండిన రోజు అన్నప్పుడు ఆ రోజు చెరువూ కాదు, ఎండా కాదు. ఎప్పుడన్న ప్రశ్నకు జవాబు. తొట్టిలో 600 లీటర్ల నీరున్నది, గంటకు 40 లీటర్లు వాడుతున్నారు. అప్పుడు మిగిలే నీరు 600 − 40 యా. దీని శూన్యం 15. పదునైదు గంటలకు తొట్టి ఖాళీ అవుతుందని అర్థం. ఇక్కడ 600 తొట్టిలో మొదట ఉన్నది, 0 చివరకు మిగిలినది, 15 ఆ రెంటికీ నడుమ గడిచిన కాలం. ఈ మూడింటినీ మూడు పేర్లతో పిలిచి చూపిన ఉపాధ్యాయునికి తరువాతి పాఠం తేలిక అవుతుంది.

శూన్యానికీ, తెలియనిదానికీ ఉన్న చుట్టరికం చాలా పాతది. 1881లో పెషావరు సమీపాన బక్షాలీ అనే గ్రామంలో త్రవ్వకాలలో ఒక భూర్జపత్రప్రతి బయటపడినది. ఇప్పుడది ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నది. అందులో సున్నకు గుర్తు ఒక చుక్క. తెలియని సంఖ్య ఉండవలసిన చోట పెట్టినదీ అదే చుక్క. ఆ స్థలం ఇంకా నిండలేదు, నింపవలసి ఉన్నదని దాని భావం. ఋణసంఖ్యకు ఆ ప్రతిలో వాడిన గుర్తు చూస్తే నేటి విద్యార్థి నవ్వుకొనవచ్చును. అది ఇప్పటి కూడికగుర్తును పోలినది.

అవ్వ పద్ధతికి శాస్త్రంలో ఇష్టకర్మమని పేరు. ఇష్టం వచ్చిన సంఖ్యను ఊహించుకొని, దానికి వచ్చిన ఫలితాన్ని బట్టి అసలు సంఖ్యను పట్టుకోవడం. క్రీస్తుకు పూర్వం ఇంచుమించు 1550 ప్రాంతాన ఆహ్‌మెసు అనే ఈజిప్టు లేఖకుడు ఎత్తి వ్రాసిన పత్రంలో కూడా ఈ పద్ధతి ఉన్నది. ఆ పత్రం ఇప్పుడు బ్రిటిషు మ్యూజియంలో ఉన్నది. ఒక రాశి, దాని పాతిక కలిస్తే 15, రాశి ఎంత? నాలుగనుకొంటే పాతికతో కలిసి అయిదు వచ్చును. కావలసినది పదునైదు, అయిదుకు మూడింతలు. కాబట్టి రాశి పన్నెండు. అవ్వకూ, ఆహ్‌మెసుకూ నాలుగే తోచడం వింత కాదు. పాతికలతో పనిపడినవారందరికీ నాలుగే తోస్తుంది.

భాస్కరాచార్యుడు 1150లో రచించిన సిద్ధాంతశిరోమణిలోని లీలావతీఖండంలో దీనికి మరికొంత చిక్కని ఉదాహరణ ఇచ్చినాడు. ఏ సంఖ్యను అయిదుతో గుణించి, వచ్చినదానిలో మూడవవంతు తీసివేసి, పదితో భాగించి, ఆ సంఖ్యయొక్క మూడవవంతునూ, సగమునూ, పాతికనూ కలిపితే 68 అవుతుందో చెప్పుమంటాడు. మూడనుకొన్నచో అయిదు మూళ్ళు పదునైదు. మూడవవంతు పోగా పది. పదితో భాగిస్తే ఒకటి. దానికి ఒకటి, ఒకటిన్నర, ముప్పాతిక కలిపితే నాలుగుంపాతిక. అరువది ఎనిమిదిలో నాలుగుంపాతికలు పదునారు. మూడు పదునారులు నలుబదియెనిమిది. సంఖ్య 48.

ఇన్ని మలుపులు తిరిగిన లెక్క ఒక్క ఊహతో ఎట్లు తేలినది? ఆ మలుపులలో ఎక్కడా పెరగని వస్తువు లేదు. గుణించినది, భాగించినది, భాగాలు తీసి కలిపినది, అన్నీ ఆ సంఖ్యవే. సంఖ్య రెట్టింపయితే ఫలితమూ రెట్టింపే. గీతగా గీస్తే అది సున్ననుండే బయలుదేరుతుంది. సున్ననుండి బయలుదేరిన గీతకు దారి తెలియడానికి మరొక్క బిందువు చాలును. "నీవు" వచ్చి కలిసినప్పుడు గీత సున్ననుండి బయలుదేరడం మాని, ఒక మెట్టు పైనుండి బయలుదేరుతుంది. అప్పుడు ఒక్క ఊహ చాలదు. పెరగనిదానిని ముందే ప్రక్కకు తీసివేయాలి, లేదా రెండు ఊహలు చేయాలి.

రెండు ఊహల పద్ధతి చీనావారి "నవాధ్యాయ గణితం"లో ఉన్నది. దానికి 263లో ల్యూ హుయ్ అనే విద్వాంసుడు వ్యాఖ్య వ్రాసినాడు. ఏడవ అధ్యాయమంతా మిగులు తగులుల లెక్కలే. కొందరు కలిసి ఒక వస్తువు కొంటారు. తలకు ఎనిమిది వేసుకొంటే మూడు మిగులుతుంది, ఏడు వేసుకొంటే నాలుగు తక్కువ పడుతుంది. మనుషులెందరు, వెల ఎంత? ఊహలను అడ్డంగా గుణిస్తారు: ఎనిమిదిని తక్కువైన నాలుగుతో, ఏడును మిగిలిన మూడుతో. 32, 21, కలిపితే 53. మిగులూ తక్కువా కలిపితే 7. మనుషులు ఏడుగురు, వెల 53. మిగులు ఒక ప్రక్క, తక్కువ ఒక ప్రక్క ఉన్నవంటే, మిగలకుండా తగలకుండా సరిపోయే చోటు వాటి నడుమ ఎక్కడో ఉండి తీరవలెను. తలకు వేసుకోవలసిన పైకం 53ను 7తో భాగించగా వచ్చేది. అదే ఆ ప్రమేయపు శూన్యం.

పక్షుల లెక్కమీద ఈ ఉపాయాన్ని ప్రయోగిస్తే "నీవు"ను విడదీయవలసిన పని కూడా ఉండదు. గుంపు నాలుగయితే మొత్తం 12. నూటికి 88 తక్కువ. గుంపు నలుబదయితే మొత్తం 111. నూటికి 11 మిగులు. నాలుగును పదకొండుతో, నలుబదిని ఎనుబది ఎనిమిదితో గుణించి కలిపితే 3564. తక్కువా మిగులూ కలిసి 99. భాగిస్తే 36. రెండు ఊహలూ తప్పే. రెండు తప్పులూ కలిసి ఒప్పును చూపినవి. అరబ్బులు ఈ పద్ధతిని "రెండు తప్పుల లెక్క" అనే అర్థమిచ్చే పేరుతోనే పిలిచినారు. వారి నుండి అది యూరపుకు పోయి, 1202లో పీసా నగరవాసి లియొనార్డో వ్రాసిన గ్రంథంలో చోటు చేసుకొన్నది. ఇతనినే ఫిబొనాచ్చి అంటారు. తప్పు చేసిన పిల్లవానిని "ఎంత తప్పినావు, ఎటు తప్పినావు?" అని అడిగే ఉపాధ్యాయుడు తెలిసో తెలియకో ఈ సంప్రదాయంలోని వాడే.

ఊహలతో పని లేకుండా నేరుగా జవాబు చేరే సూత్రం భారతదేశంలో అంతకు చాలాముందే రూపు కట్టినది. 499లో ఆర్యభటుడు ఇద్దరు మనుషుల సంపదను పోల్చే లెక్కకు సూత్రం చెప్పినాడు. ఇద్దరివద్దా కొన్ని గుళికలు, కొంత రొక్కం ఉన్నవి. ఇద్దరి కలిమీ సమానం. రొక్కాల భేదాన్ని గుళికల భేదంతో భాగిస్తే గుళిక వెల వస్తుంది. గుళిక అంటే చిన్న ఉండ. వెల తెలియని వస్తువుకు అతడు పెట్టిన పేరు అది. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో దీనిని వస్తువులతో ముడిపెట్టక సంఖ్యలకే చెప్పినాడు: అవ్యక్తాల భేదంతో, రూపాల భేదాన్ని వరుస మార్చి భాగించవలెను. అవ్యక్తమంటే తెలియని రాశి, రూపమంటే తెలిసిన సంఖ్య.

దీనికి భాస్కరుడు బీజగణితంలో ఇచ్చిన ఉదాహరణ ఏ తరగతిలోనైనా చెప్పదగినది. ఒకనివద్ద ఆరు గుఱ్ఱాలు, 300 రొక్కం ఉన్నవి. మరొకనివద్ద పది గుఱ్ఱాలు, 100 అప్పు ఉన్నవి. గుఱ్ఱాలన్నిటికీ వెల ఒకటే. ఇద్దరి కలిమీ సమానమైతే గుఱ్ఱం వెల ఎంత? పూర్వులు ఈ రెండు పక్షాలనూ ప్రక్కప్రక్కన కాక, ఒకదానిక్రింద ఒకటి వ్రాసేవారు. పైన యా 6 రూ 300. క్రింద యా 10 రూ 100, ఆ 100 నెత్తిన ఒక చుక్క. చుక్క ఋణానికి గుర్తు. 'రూ' అన్నది రూపమనే పదానికి తొలి అక్షరం. నేటి తెలుగు పాఠకునికి అది రూపాయలుగా కనబడడం ఒక చమత్కారం. ఈ లెక్కలో మాత్రం అట్లు చదివినా నష్టం లేదు.

పైనున్న ఆరు యా క్రిందనున్న పది యాలలో పోతే నాలుగు యా. క్రిందనున్న నూరు అప్పు పైనున్న మూడువందలలో పోవాలి. అప్పును తీసివేయడమంటే అంత కలపడమే; కనుక నాలుగువందలు. నాలుగు యా నాలుగువందలయితే యా నూరు. ఒకని కలిమి 600, 300 కలిసి 900. రెండవవాని కలిమి వేయిలో నూరు పోగా 900.

ఈ లెక్కను నేటి మాటలలో చెప్పితే శూన్యం అర్థం స్పష్టమవుతుంది. రెండవవాని కలిమిలో మొదటివాని కలిమి తీసివేస్తే 4 యా − 400. గుఱ్ఱం వెల 50 అనుకొంటే ఇది −200. రెండవవాడు రెండువందలు వెనుకబడి ఉన్నాడు. 80 అయితే −80. 140 అయితే 160, ఇప్పుడతడు ముందున్నాడు. వెల పెరుగుతున్నకొద్దీ గుఱ్ఱాలు ఎక్కువగా ఉన్నవాడు అప్పుల ఊబిలోనుండి పైకి వచ్చి, సరిగా నూటిదగ్గర మొదటివానితో సరితూగి, ఆపైన మించిపోతాడు. ఆ సరితూగిన చోటే శూన్యం. అక్కడ ఎవరివద్దా సంపద లేకపోలేదు, చెరి తొమ్మిదివందలున్నవి. లేకుండాపోయినది భేదం మాత్రమే. రెండు రాశులను సమానం చేయడమూ, వాటి భేదాన్ని సున్న చేయడమూ ఒకే పని అన్న ఈ చిన్న విషయం తెలిసిన విద్యార్థికి సమీకరణమూ, శూన్యమూ వేర్వేరు పాఠాలుగా కనిపించవు.

ఇక మూడవ పొరపాటు, గుర్తు జారిపోవడం. దీనిలో పిల్లలకు తోడు పెద్దలు కూడా ఉన్నారు. అలెగ్జాండ్రియాలో సంఖ్యాశాస్త్రం వ్రాసిన డయొఫాంటసు మహాబుద్ధిశాలి. అతనికి ఒకచోట 4 యా + 20 నాలుగుకు సమానం కావలసి వచ్చినది. నాలుగు కావడానికి ఇరువదికి ఇంకా కలపడమేమిటని, అది అసంబద్ధమని త్రోసిపుచ్చినాడు. ఋణసంఖ్య అతనికి జవాబు కాదు. 1637లో జ్యామితిని బీజగణితంతో ముడివేసిన ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్టు కూడా ఋణమూలాలను "అబద్ధపు మూలాల"నే పిలిచినాడు. నడుమ బ్రహ్మగుప్తుడు మాత్రం ధనము, ఋణము, శూన్యము అనే మూడింటినీ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టి, వాటి కూడికకూ, తీసివేతకూ, గుణకారానికీ నియమాలు చెప్పినాడు. వర్తకుని చిట్టాలోని భాష అది. తెలుగు విద్యార్థి ఈనాటికీ ఋణసంఖ్య అనే అంటాడు. అందులో అప్పు ఉన్న సంగతి చెవికి సోకదు. ఆ మాటను ఒక్కసారి విడదీసి చెప్పితే, అప్పును తీసివేస్తే ఆస్తి ఎట్లు పెరుగుతుందో సూత్రం లేకుండానే తెలుస్తుంది.

డయొఫాంటసు త్రోసిపుచ్చిన లెక్కకే ప్రాణం పోయడం కష్టం కాదు. నాలుగును ఇవతలికి తెస్తే అది 4 యా + 16. గంటకు నాలుగు బిందెల చొప్పున నిండుతున్న తొట్టిలో ఇప్పుడు 16 బిందెల నీరున్నది. తొట్టి ఖాళీగా ఉన్నది ఎప్పుడు? శూన్యం −4. అంటే నాలుగు గంటలక్రితం. భాస్కరుని బీజగణితానికి బీజపల్లవమనే వ్యాఖ్య వ్రాసిన కృష్ణదైవజ్ఞుడు ఋణత్వమంటే వైపరీత్యమని, అది దేశంలోను, కాలంలోను, వస్తువులోను ఉండవచ్చునని వివరించినాడు. తూర్పు ధనమైతే పడమర ఋణం. ముందు ధనమైతే వెనుక ఋణం. ఆస్తి ధనమైతే అప్పు ఋణం. తరగతిగదిలో గీసే సంఖ్యారేఖను ఇంతకంటే చక్కగా వివరించడం కష్టం.

అవ్యక్తానికి గుణకం సున్న కానంతవరకు ప్రతి రేఖీయ ప్రమేయానికీ ఒక శూన్యం ఉన్నది, ఒక్కటే ఉన్నది. ఈ మాటను ఇంత ధైర్యంగా అనగలగడానికి రెండు మూల్యాలు చెల్లించవలసి వచ్చినది. ఒకటి ఋణాన్ని సంఖ్యగా ఒప్పుకోవడం, రెండవది భిన్నాన్ని ఒప్పుకోవడం. పక్షుల లెక్కలో నూటికి బదులు ఏబది అని చెప్పితే, "నీవు" పోగా 49. జవాబు పదునేడు పక్షులూ, ఒక పక్షిని పదకొండు భాగాలు చేస్తే అందులో తొమ్మిదీ. బీజగణితం దీనిని నిరాకరించదు, చెట్టు నిరాకరిస్తుంది. ఆ నోటిలెక్క కట్టిన అజ్ఞాతవ్యక్తి నూరును ఊరకే ఎంచలేదు. గుంపులో నాలుగేసి పక్షులు పెరిగినప్పుడల్లా మొత్తం పదకొండేసి పెరుగుతుంది. నూటికి ముందు 89, నూటి తరువాత 111. వీటి నడుమ నూరొక్కటే కుదురుతుంది.

గుణకమే సున్న అయితే కథ వేరు. తొట్టిలో 5 బిందెల నీరున్నది. నీరు రాదు, పోదు. ఎప్పుడు ఖాళీ అవుతుంది? ఎప్పటికీ కాదు. సూత్రాన్ని నమ్ముకొన్న పిల్లవాడు మాత్రం అయిదును సున్నతో భాగించబూనుకొంటాడు. ఇక్కడ కూడా వానికి పెద్దల తోడున్నది. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, 850 ప్రాంతాన, గణితసారసంగ్రహం రచించిన జైనపండితుడు మహావీరాచార్యుడు సున్నతో భాగించిన సంఖ్య మారకుండా అట్లే ఉంటుందన్నాడు. పంచడానికి ఎవరూ లేకపోతే పైకం పంచకుండా మిగిలిపోయినట్లు భావించినాడు కాబోలు. ఆ గ్రంథం తెలుగువారికి పరాయిది కాదు. పావులూరి మల్లన 11వ శతాబ్దిలో దానిని తెలుగు పద్యాలలోకి తెచ్చినాడు. తెలుగులో శాస్త్రగ్రంథాలు వ్రాసిన తొలివారిలో అతడొకడు. మూలగ్రంథాన్ని రంగాచార్యులు ఆంగ్లానువాదంతో 1912లో మద్రాసులో ప్రకటించినారు. మల్లనను కవుల చరిత్రలో ఒక పేరుగా మాత్రమే చదివి వదలివేయడం తెలుగు తరగతులలో జరిగే లోపం. అతని పద్యాలు లెక్కల తరగతికి కూడా పోదగినవి.

భాస్కరుడు సున్నతో భాగించగా వచ్చినదానికి ఖహరమని పేరు పెట్టి, దానికి ఎంత కలిపినా, ఎంత తీసినా మార్పు లేదని చెప్పి, లోకాలు పుట్టినా లయమైనా మార్పులేని అచ్యుతునితో పోల్చినాడు. పోలిక గంభీరమైనది, తొట్టి ఎప్పుడు ఖాళీ అవుతుందన్నదానికి మాత్రం అది కాలాన్ని చెప్పదు. అయిదు బిందెల ఎత్తున అడ్డంగా పోయే గీత సున్నరేఖకు సమాంతరం. ఎంత దూరం పోయినా దానిని తాకదు. తొట్టిలో మొదటే నీరు లేక, రాకా పోకా కూడా లేకపోతే ప్రతిక్షణమూ శూన్యమే. ఒక్క శూన్యం, అసలు లేకపోవడం, అన్నీ శూన్యాలే కావడం: రేఖీయ ప్రమేయానికి ఈ మూడు గతులే ఉన్నవి.

గీతలు గీయించేటప్పుడు ఇంటింటా దొరికే జ్వరమాపకం మంచి సామగ్రి. సెల్సియస్ అంకెను తొమ్మిదితో గుణించి, అయిదుతో భాగించి, 32 కలిపితే ఫారన్‌హీట్ అంకె వస్తుంది. ఈ 32 కూడా పక్షుల లెక్కలోని "నీవు" వంటిదే. అందువల్లనే సెల్సియస్ రెట్టింపయితే ఫారన్‌హీట్ రెట్టింపు కాదు. 20కి 68, 40కి 104. ఫారన్‌హీట్ సున్న అయ్యే చోటు కనుక్కోమంటే సెల్సియస్‌లో పదునేడు డిగ్రీల మీద తొమ్మిదింట ఏడువంతులు, ఋణం వైపున. గీత అడ్డరేఖను ఖండించేది అక్కడే.

భాస్కరుని గుఱ్ఱాల లెక్కను కూడా దీనిమీద వేయవచ్చును. రెండు కొలతలూ ఒకే అంకె చూపే చోటు ఏది? ఒక పక్షాన యా. రెండవ పక్షాన యాకు తొమ్మిది అయిదవ వంతులు, దానిపైన 32. భేదం యాలో నాలుగు అయిదవ వంతులు, దానిపైన 32. అది సున్న కావలెనంటే యా −40 కావలెను. అంతటి చలిని తెలుగునేల ఏనాడూ ఎరుగదు; లంబసింగిలో సయితం చలి సున్న దరిదాపులకు వచ్చి ఆగిపోతుంది. అయినా మండువేసవిలో కూర్చున్న పిల్లవాడు నాలుగు పంక్తులలో ఆ చోటికి చేరగలడు. చేరి, −40ని తొమ్మిదితో గుణించి, అయిదుతో భాగించి, 32 కలిపి, మళ్ళీ −40 వచ్చినదో లేదో తానే చూచుకొనగలడు.